కొత్త పిల్లి వచ్చాక పాత పిల్లులే ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి, ఏం చేయాలి?

గుండు_వాళ్ళమ్మ

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. సరిగ్గా నిద్ర లేక బుర్ర పనిచేయట్లేదు.

మా ఇంట్లో ముందు నుంచీ రెండు పిల్లులు. రాణికి 9 ఏళ్లు, గుండుకి 5. గుండు కూనగా వచ్చినప్పుడు రాణి కొన్నాళ్లు అలిగి, తర్వాత తనే వాడిని దగ్గరికి లాక్కుని నాకడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి ఇద్దరూ ఒకే కుర్చీలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోవడమే. ఇద్దరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు అయ్యాయి, టీకాలు కూడా టైముకి వేయిస్తున్నాం.

ఈమధ్య తెలిసినవాళ్లు ఇల్లు మారుతూ వాళ్ల పిల్లిని తీసుకెళ్లలేమంటే చింటూని మేం తెచ్చుకున్నాం. మగపిల్లి, ఏడాదిన్నర ఉంటుంది, వాడికీ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. మనుషులతో మాత్రం బంగారం, ఒళ్లో ఎక్కి కూర్చుంటే దిగడు. వాడిని వెనక గదిలో పెట్టి తలుపేసి ఉంచాం. లిట్టర్ బాక్స్ (వాడి టాయిలెట్ పెట్టె), నీళ్లు, దాక్కోవడానికి అట్టపెట్టె అన్నీ లోపలే ఉన్నాయి. రాణి తలుపు దగ్గర ఒకసారి వాసన చూసి బుస్సుమని వెళ్లిపోయేది, అంతే. గుండు మాత్రం తలుపు కింద సందులోకి పంజా దూర్చి అక్కడే గంటలు గంటలు కూర్చునేవాడు. ఆడుకుందామని పిలుస్తున్నాడేమో అని మేం ముచ్చటపడ్డాం.

ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒకరు ఆ గదిని బాత్రూమ్ అనుకుని తలుపు తీసేశారు. చింటూ బయటికి దూసుకొచ్చాడు, ఎదురుగా గుండు. ఇద్దరూ ఒక్కసారి బొచ్చు లేపి అడ్డంగా నిలబడి ఆ ఏడుపులాంటి అరుపు అరిచారు. చింటూ మళ్లీ గదిలోకే పారిపోయాడు, తలుపేసేశాం. అంతా కలిపి అర నిమిషం కూడా ఉండదు. ఎవరికీ గీత కూడా పడలేదు. హమ్మయ్య అనుకునేలోపు గుండు వెనక్కి తిరిగి, ఊరికే నిలబడి చూస్తున్న రాణి మీద పడ్డాడు. రాణి మీద! గదంతా బొచ్చే. నేను పెద్దగా అరిస్తే విడిపోయారు.

ఆ రోజు నుంచి రాణి బీరువా పైనే ఉంటోంది. గుండు కనిపిస్తే చాలు గుర్రుమంటుంది, వాడు కదిలితే ఇది పరుగు, ఇది పరుగెడితే వాడు వెంటపడటం. నిన్న నా మంచం మీద పాస్ పోసేసింది, తొమ్మిదేళ్లలో ఎప్పుడూ అలా చేయలేదు. చింటూ గదిలో హాయిగా తిని పడుకుంటున్నాడు, గొడవంతా బయటే!

చింటూని తిరిగి ఇచ్చేయాలా? ఇచ్చేస్తే వీళ్లిద్దరూ మామూలైపోతారా? ఇంట్లో అందరూ తలో మాట చెప్తున్నారు, నాకు ఫుల్ టెన్షన్‌గా ఉంది.

మూడు_తోకలు

అక్కా, ముందు రాణినీ గుండునీ విడదీయండి. చింటూ సంగతి తర్వాత, వాడు గదిలో క్షేమంగా ఉన్నాడు కదా.

గుండుకి పట్టింది పిల్లులున్న చాలా ఇళ్లలో కనిపించేదే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం. రెచ్చగొట్టినవాడు తలుపు వెనక్కి పోయాడు, వీడి ఒంట్లో ఉద్రేకం మాత్రం దిగలేదు, కంటి ముందు కదిలిన మొదటి ప్రాణి రాణి. కిటికీ అవతల ఎవరిదో పిల్లి కనబడినా కొన్ని పిల్లులు ఇలాగే పక్కనున్నదాని మీద పడతాయి, ఒక్కోసారి మన కాలి మీద కూడా. చిక్కేంటంటే ఆ ఉద్రేకం వెంటనే దిగదు, గంటలు పట్టొచ్చు, కొన్నిటికి రోజులు పడుతుంది. ఈలోపు రాణికి వాడంటే భయం పుట్టింది. భయపడి పరుగెడుతుంది, పరుగెత్తేదాన్ని చూస్తే వాడికి వెంటపడాలనిపిస్తుంది. రోజూ ఇదే జరిగితే అలవాటుగా ముదురుతుంది, అందుకే ఇవాళే ఆపాలి.

గుండుని ఒక గదిలో పెట్టండి. రాణికి ఇల్లు వదిలేయండి, దాని ఎత్తు జాగాలు దానికి ఉండాలి. గుండు గదిలో కర్టెన్ వేసి వెలుతురు తగ్గించండి, తిండి, నీళ్లు, లిట్టర్ పెట్టి వదిలేయండి, బుజ్జగించడానికి మాటిమాటికీ వెళ్లొద్దు. ఉద్రేకంలో ఉన్న పిల్లిని చేతుల్తో మాత్రం ఎత్తకండి, మీరు పెంచిన పిల్లయినా సరే. పెద్ద అట్టముక్క ఒకటి అడ్డం పట్టుకుని మెల్లగా గదివైపు నడిపించండి. వాడు మళ్లీ మామూలుగా తిని, ఒళ్లు నాక్కుని, తోక నిటారుగా పెట్టుకుని మీ దగ్గరికి వచ్చేదాకా రాణిని చూపించొద్దు. ఆ తర్వాత కూడా వాళ్లిద్దరినీ కొత్తవాళ్లలాగే కలపాలి. పాత స్నేహం కాబట్టి మామూలుగా తొందరగానే అవుతుంది.

ఇక అసలు విషయం, వాసన. మనం ముఖం చూసి మనిషిని గుర్తుపడతాం, పిల్లి మాత్రం కళ్ల కన్నా ముక్కునే ఎక్కువ నమ్ముతుంది. చెంపలు, గడ్డం, నుదురు, తోక మొదలు, పంజాల అడుగున వాటికి వాసన గ్రంథులుంటాయి. మన కాలికి, కుర్చీ అంచుకి, ఒకదానికొకటి రుద్దుకున్నప్పుడల్లా ఆ వాసన అంటుతుంది, అలా ఇంట్లో పిల్లులన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి వాసన తయారవుతుంది. ఆ వాసన ఉన్నవాళ్లే మనవాళ్లు. వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికెళ్లి వచ్చిన పిల్లిని చూసి ఇంట్లో ఉన్నది ఎవరో పరాయిదాన్ని చూసినట్టు బుసకొట్టడం చాలామంది చూసే ఉంటారు, కారణం ఇదే. ఇప్పుడు మీరు రోజూ చింటూని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అవే బట్టలతో వచ్చి రాణిని ఎత్తుకుంటున్నారు కదా, ఇంటి వాసన అప్పుడే కలగాపులగం అయిపోయి ఉంటుంది. కొన్నాళ్లు చింటూ గదికి ఒక పాత చొక్కా కేటాయించండి, అక్కడ తొడుక్కుని అక్కడే విడిచి రండి, చేతులు కడుక్కోండి. వినడానికి అతిగా అనిపిస్తుందేమో, కానీ పనిచేస్తుంది.

గుండు తలుపు కింద పంజా పెట్టి గంటలు కూర్చున్నాడన్నారు చూడండి, అది అన్నిసార్లూ ఆట కాదు. పంజా దూర్చి లాగి, కాసేపు దొర్లి, వేరే పని మీద వెళ్లిపోతే అది కుతూహలం. కదలకుండా, చెవులు ముందుకు పెట్టి, తోక కొస మాత్రం టపటపలాడిస్తూ కాపలా కాస్తే వాడు పిలవట్లేదు, మాటు వేశాడు. అలాంటప్పుడు తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టేసి, వాడి ధ్యాస ఆట మీదకు మళ్లించాలి.

చింటూని ఇచ్చేయాల్సిన పనేం లేదు, ఇంకా వాడిని సరిగ్గా పరిచయమే చేయలేదు కదా. ఇచ్చేసినా వీళ్లిద్దరి మధ్య పడ్డ భయం దానంతటది పోతుందనే గ్యారంటీ లేదు. ముందు వీళ్లని సర్దండి, చింటూ ఆ గదిలో ఇంకొన్నాళ్లు ఉంటే వాడికొచ్చే నష్టం ఏమీ లేదు.

నల్లపిల్లి_అన్న

ఇంత సీన్ అవసరమా అండీ? మా ఇంట్లో నేనెప్పుడూ గదుల్లో పెట్టలేదు, తెచ్చి నట్టింట్లో వదిలేయడమే. బుసలు కొట్టుకుంటాయి, రెండు దెబ్బలు పడతాయి, ఎవరు పెద్దో తేలిపోతుంది, వారం తిరిగేసరికి కలిసి పడుకుంటాయి. పిల్లుల మధ్య మనం దూరితేనే గొడవ పెద్దదవుతుంది. మనుషుల టెన్షన్ చూసి వాటికి టెన్షన్.

క్లినిక్‌లో_పనిచేస్తా

అన్నా, మీ పిల్లులు సర్దుకుపోయాయి, సంతోషం. కానీ అలా వదిలేసి సర్దుకోనివి మా బల్ల మీదకి వస్తాయి, రోజూ చూసేది మేమే కాబట్టి చెప్తున్నా.

పిల్లి కోర పల్చగా, సూదిగా ఉంటుంది. పైన చిన్న చుక్కంత గాయం, అది చర్మం మీద ఇట్టే పూడుకుపోతుంది, లోపల క్రిములు ఉండిపోతాయి. రెండు మూడు రోజులకి అక్కడ వాచి, జ్వరం వచ్చి, చీము గడ్డ కడుతుంది. చెంప దగ్గరో తోక మొదట్లోనో గడ్డతో వచ్చే పిల్లుల్లో ఎక్కువ భాగం "నాలుగు రోజుల కిందట కొట్టుకున్నాయండీ, గాయమేం కనిపించలేదు" అనే కేసులే. గుండు_వాళ్ళమ్మ గారూ, రాణి ఒళ్లంతా ఒకసారి మెల్లగా చేత్తో తడిమి చూడండి, ఎక్కడైనా ముట్టనివ్వకపోయినా, వేడిగా తగిలినా తీసుకెళ్లండి.

విడదీయడానికి చేతులు అస్సలు పెట్టకండి. మధ్యలో దిండు పెట్టండి, దుప్పటి విసరండి, గిన్నె మీద టంగుమని కొట్టండి. చేతి మీద పిల్లి కాటు పడితే వెంటనే సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చిన్న చుక్కే కదా అనుకుంటే ఒక్క రోజులో చెయ్యి వాచిపోతుంది, రేబీస్, ధనుర్వాతం టీకాల సంగతి కూడా వాళ్లే చూస్తారు.

"ఎవరు పెద్దో తేలిపోతుంది" అనే మాట పిల్లులకి అంతగా అతకదు. పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు సంతతి. తిండి పుష్కలంగా దొరికే చోట గుంపుగా బతుకుతాయి నిజమే, అయితే ఆ గుంపు సాధారణంగా తల్లీ కూతుళ్లూ అక్కచెల్లెళ్లతో ఏర్పడుతుంది. ఎదిగిన పరాయి పిల్లి వస్తే తరిమేయడం వాటికి సహజం. కొట్టుకున్నాక రాజీపడే పద్ధతులు వాటికి పెద్దగా తెలియవు. ఓడిపోయిన పిల్లి "సరే నువ్వే పెద్ద" అనుకుని సర్దుకోదు, ఇల్లు వదిలి పారిపోవాలని చూస్తుంది. పారిపోయే దారి లేకపోతే మంచం కింద బతుకుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం "ఇప్పుడు గొడవల్లేవు, సర్దుకున్నాయి" అంటారు.

రాణి మంచం మీద పాస్ పోయడం గురించి ఇంకో మాట. కక్షతో చేసిందనుకోకండి. బీరువా మీంచి దిగి లిట్టర్ దాకా వెళ్లే దారిలో గుండు కూర్చుని ఉంటే అది ఏం చేస్తుంది? పైగా టెన్షన్ వల్ల కూడా పిల్లుల్లో మూత్రాశయం వాచి మంట పుడుతుంది. మాటిమాటికీ కూర్చోవడం, కొద్దికొద్దిగా పోయడం, రక్తం చారలు కనిపిస్తే మూత్ర పరీక్ష చేయించండి. ఇది గుండుకీ చింటూకీ మరీ ముఖ్యం. మగపిల్లి లిట్టర్‌లో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే పొద్దున చూద్దాంలే అనుకోకూడదు. దారి మూసుకుపోయిందంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదకి వస్తుంది. అలాగే రాణి భయంతో రోజంతా ఏమీ తినకపోతే వెట్‌కి ఫోన్ చేయండి. పిల్లి రెండు మూడు రోజులు తినకుండా ఉంటే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి, కాలేయానికి కొవ్వు పట్టి చాలా సీరియస్ అవుతుంది.

9 ఏళ్ల పిల్లి కదా, కీళ్ల నొప్పులు, పంటి నొప్పి ఉన్నాయేమో కూడా చూపించండి. నొప్పితో ఉన్న పిల్లికి ఓపిక తక్కువ.

చింటూకి టెస్టులు అయ్యాయా? మీరు రాయలేదు. ఫెలైన్ లుకేమియా అనే పిల్లుల వైరస్ జబ్బు లాలాజలంతో, ఒకే గిన్నెలో తినడంతో, ఒకదాన్నొకటి నాక్కోవడంతో కూడా అంటుతుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే ఎఫ్‌ఐవీ అనే ఇంకో పిల్లుల వైరస్ ఎక్కువగా లోతైన కాటు వల్ల అంటుతుంది. రెండిటికీ రక్త పరీక్ష ఉంది. ఈమధ్యే సోకి ఉంటే మొదటి పరీక్షలో దొరక్కపోవచ్చు, అందుకే ఒకటి రెండు నెలలకి మళ్లీ చేయమంటారు. మలం పరీక్ష, గోమార్లు, తామర కూడా చూడాలి, తామరైతే మనకీ అంటుకుంటుంది. కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు విడిగా ఉంచమనేది సగం ఇందుకే, పరిచయాల గురించే కాదు.

గుండు_వాళ్ళమ్మ

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే గుండుని చిన్న గదిలోకి మార్చాం. మొదట తలుపు గోకాడు, తర్వాత మొద్దు నిద్ర. మధ్యలో లేచి తిని మళ్లీ నిద్ర. వాడు అంత అలిసిపోయి ఉన్నాడని నాకు తెలియనే లేదు.

రాణిని చూపించాను, కాటు గాయాలేం లేవు, మూత్ర పరీక్ష కూడా బాగానే ఉంది. పళ్లలో ఒకటి పాడైందట, దానికి ట్రీట్‌మెంట్ చేయాలన్నారు. చింటూకి టీకాలు పాతవాళ్లే వేయించారు, రక్త పరీక్ష ఇప్పుడు చేయించాం, ప్రస్తుతానికి ఏమీ లేదు, మళ్లీ రమ్మన్నారు.

తలుపు సందులోంచి చూపించాక రాణీ గుండూ మెల్లగా కలిశారు. ఒకే కుర్చీ దాకా రాలేదు కానీ ఒకే గదిలో చెరో మూల పడుకుంటున్నారు, పక్క నుంచి నడిచి వెళ్లినా గొడవ లేదు. చింటూ విషయంలో ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? తిండి గిన్నెలు తలుపుకి అటూ ఇటూ పెట్టమని ఒక వీడియోలో చూసి పెట్టాను. గుండు తింటున్నాడు. రాణి గిన్నె దాకా వచ్చి తలుపు వైపు చూసి వెళ్లిపోతోంది. ఆకలేస్తే అదే తింటుందిలే అంటున్నారు మావారు.

మూడు_తోకలు

బావగారికి చెప్పండి అక్కా, ఆకలితో లొంగదీసే జంతువు కాదది. పైన వాళ్లు కాలేయం గురించి రాసింది చూపించండి. రాణి గిన్నెని వెనక్కి జరపండి, ఎక్కడైతే తలెత్తకుండా తింటుందో అక్కడి దాకా. అది తలుపుకి రెండు గజాలైనా సరే, వేరే గదైనా సరే. అక్కడి నుంచి రోజుకో జానెడు ముందుకి. మధ్యలో ఒక రోజు తినకపోతే రెండు అడుగులు వెనక్కి. గుండు ముందున్నాడు కదా అని రాణిని తొందరపెట్టొద్దు. మీరు చేస్తున్నది ఒక పరిచయం కాదు, గుండు–చింటూ ఒకటి, రాణి–చింటూ ఇంకొకటి, ఆ రెండూ ఒకే వేగంతో నడవవు.

నిజానికి తలుపు దగ్గర గిన్నెల పద్ధతి మీద నాకు అంత మోజు లేదు. పిల్లి రోజులో చిన్న చిన్నగా చాలాసార్లు తింటుంది, ఒంటరిగా తినడమే దానికి ఇష్టం. అక్కడ పరాయి పిల్లి వాసన పెట్టి తినమంటే కొన్ని తింటాయి కానీ బెదురుతూ గబగబా మింగి పోతాయి, మనం అది ప్రోగ్రెస్ అనుకుంటాం. రోజూ తినే తిండి ప్రశాంతంగా ఉన్నచోట పెట్టి, తలుపు దగ్గరికి మాత్రం బాగా ఇష్టమైన ట్రీట్ పెడితే మేలని నా అభిప్రాయం. ఇష్టముంటే వచ్చి తీసుకుంటుంది, లేకపోతే పోతుంది, పస్తు మాత్రం ఉండదు.

వాసన పని ఇలా చేయండి. శుభ్రమైన పాత సాక్స్ చేతికి తొడుక్కుని చింటూ చెంపలు, గడ్డం మెల్లగా నిమరండి, వాడికి నచ్చినంత సేపే. ఆ సాక్స్ తెచ్చి హాల్లో ఒక పక్కన పడేయండి. రాణి ముక్కు దగ్గర పెట్టొద్దు, దాని ఒంటికి రాయొద్దు, అదే వెతుక్కుంటూ రావాలి. మొదట వాసన చూసి నోరు సగం తెరిచి వెర్రిగా ముఖం పెడుతుంది చూడండి, కోపం కాదది, నోటి పైభాగంలో వాసన పట్టే ఇంకో అవయవం ఉంది, దాంతో చదువుతోందన్నమాట. బుస్సుమన్నా ఫర్వాలేదు. రోజూ పెట్టగా పెట్టగా ఆ సాక్స్‌ని పట్టించుకోకుండా దాటిపోయే రోజొకటి వస్తుంది. కొన్ని పిల్లులైతే దాని మీద పడుకుంటాయి. రాణీ గుండూల వాసన సాక్స్‌లు కూడా చింటూ గదిలోకి వెళ్లాలి, ఇది ఒకవైపు పని కాదు.

దాని తర్వాత గదులు మార్చండి. పాతవాళ్లని వేరే గదిలో పెట్టి చింటూని ఇంట్లో తిరగనివ్వండి, వాడి ఖాళీ గదిని వీళ్లకి చూపించండి, ఎదురెదురు పడకుండా. చింటూకి దీనివల్ల ఇంకో లాభం, దాక్కునే చోట్లు, ఎక్కే చోట్లు, పారిపోయే దారులు ముందే తెలిసి ఉంటాయి. ఎటు పోవాలో తెలియని పిల్లే మూలకి చిక్కి తిరగబడుతుంది.

చూపులు కలపడం అన్నిటికన్నా చివర. తలుపుకి జాలీ గేటు పెట్టండి, దాని మీద దుప్పటి వేయండి, మొదట కింద నాలుగు వేళ్ల సందు మాత్రమే వదిలి. ఒకవైపు మీరు, ఒకవైపు బావగారు, చెరో ఊపుడు బొమ్మతో. ఒక బొమ్మకి రెండు పిల్లుల్ని పోటీ పెట్టొద్దు. చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ బొమ్మ వైపు వస్తే బ్రహ్మాండం. చూపు అతుక్కుపోయి, ఒళ్లు బిగుసుకుని, ట్రీట్ ముక్కు ముందు పెట్టినా పట్టించుకోకపోతే వాటిని మరీ దగ్గరికి తెచ్చేశామని అర్థం, అరుపు వచ్చేదాకా ఆగకుండా మధ్యలో అట్టముక్క పెట్టి దుప్పటి దించేయండి. రెండు నిమిషాలు బాగా జరిగిందా, అక్కడే ఆపేయండి. "బాగున్నారు కదా, ఇంకాసేపు చూద్దాం" అన్న ఆ ఇంకాసేపులోనే చెడుతుంది.

బుసకొట్టినందుకు తిట్టడం, నీళ్లు చిమ్మడం చేయకండి. బుస అంటే "దగ్గరికి రాకు" అని మర్యాదగా చెప్పడం, అవతలివాడు విని ఆగితే పని అయిపోయింది. బుసకొట్టినప్పుడల్లా దెబ్బ పడితే చింటూ కనిపిస్తే తనకి చేటు అనే నేర్చుకుంటుంది, కొన్నైతే చెప్పడం మానేసి నేరుగా మీద పడతాయి.

లిట్టర్ బాక్సులు మూడు పిల్లులకి నాలుగు, నాలుగు వేర్వేరు చోట్ల. వరసగా పెడితే పిల్లి లెక్కలో అదంతా ఒకటే, ఒకడు అడ్డం కూర్చుంటే అన్నీ మూసేసినట్టే. మూతలున్నవి ఉంటే మూతలు తీసేయండి, ఒకే దారి ఉన్న పెట్టెలోంచి బయటికొచ్చే పిల్లిని కాచుకోవడం చాలా తేలిక.

కిటికీ_పిల్లి

మా అనుభవం కూడా రాస్తాను, అందరివీ కలిసి పడుకునే ఫోటోలే కనిపిస్తాయి కాబట్టి. మా ఇంట్లో పెద్ద పిల్లీ తర్వాత వచ్చిన పిల్లీ ఏళ్లు గడిచినా దోస్తులు కాలేదు. ఒకటి కిటికీ, ఒకటి సోఫా. దారిలో ఎదురైతే ఒకటి ఆగుతుంది, రెండోది పోతుంది. కొట్లాట లేదు, నాక్కోవడాలూ లేవు, రెండూ తింటాయి, ఆడతాయి, కాళ్లు బారజాపి నిద్రపోతాయి. మా వెట్ దీన్నే సక్సెస్ అన్నారు, మేమూ అంతకన్నా ఆశించట్లేదు.

మీరు గమనించాల్సింది అరుపుల్ని కాదండీ, మౌనాన్ని. మాది కొన్నాళ్లు చాలా శాంతంగా ఉన్నట్టే కనిపించింది. చూస్తే చిన్నది ఎప్పుడూ వంటగది గుమ్మంలో పడుకునేది, కదలదు, శబ్దం లేదు, ఊరికే చూస్తుంది. పెద్దది నీళ్ల గిన్నె దాకా రాబోయి, దాన్ని చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగేది. అరిచి కొట్టుకోవడం ఒక్కసారీ జరగలేదు. నీళ్లు, లిట్టర్, గోళ్లతో గోక్కునే స్క్రాచర్ అన్నీ రెండేసి చోట్ల పెట్టి, ఆ గుమ్మాన్ని తప్పించుకునేలా గోడకి అరలు కొట్టించాకే పెద్దది మళ్లీ ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. మీ రాణికి కూడా ఎత్తులో దారి వేయండి, ఎక్కడానికి ఒక మెట్టు, దిగడానికి ఇంకో మెట్టు, ఒకే దారి అయితే మళ్లీ అదే సమస్య. పంటి బాధా, వయసూ ఉన్నాయి కదా, మెట్లు దగ్గరదగ్గరగా ఉండాలి.

ఫెలివే లాంటి ప్లగ్‌లు (కరెంటు సాకెట్‌లో పెడితే పిల్లుల్ని శాంతపరిచే వాసన వదిలేవి) కూడా వాడి చూడొచ్చు, కొన్ని ఇళ్లలో తేడా కనిపించింది, కొన్ని ఇళ్లలో ఏమీ లేదు. అదొక్కటే పెట్టి తలుపులు తీసేయకండి.

నల్లపిల్లి_అన్న

సరే, ఒప్పుకుంటా, మావి మూడూ కూనలుగా ఉన్నప్పుడే వచ్చాయి, బహుశా అందుకే తేలిగ్గా అయిపోయిందేమో. కానీ ఒక డౌట్. ఏడాదిన్నర పిల్లి అంటే వాడికి రోజంతా ఆటే కదా. వాడిది ఆటా, దాడా ఎలా తెలుస్తుంది?

మూడు_తోకలు

మంచి ప్రశ్న అన్నా. ఆటైతే పెద్దగా శబ్దం ఉండదు, గోళ్లు లోపలే ఉంటాయి, వంతులు మారుతుంటాయి, ఒకసారి ఇది వెంటపడితే ఇంకోసారి అది. మధ్యలో ఆగి ఇద్దరూ ఒళ్లు నాక్కుంటారు. ఎప్పుడూ ఒకటే తరిమి, ఎప్పుడూ ఒకటే పారిపోతుంటే, పారిపోయేది చెవులు మడిచి అరుస్తుంటే, తరిమేవాడి ఉద్దేశం ఆటే అయినా రాణికి అది ఆట కాదు. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారు కదా, ఇక్కడ రెండూ పిల్లులే. అందుకే చింటూని ముందు గుండుతో కలిపితే నయం. వయసులో దగ్గర, గుండుకీ ఆడే ఓపిక ఉంది. రాణి ఎదుటికి తెచ్చే ముందు చింటూని ఊపుడు బొమ్మతో బాగా పరుగెత్తించి, తిండి పెట్టి, కునుకు తీసే మూడ్‌లో ఉన్నప్పుడే తీసుకురండి అక్కా.

గుండు_వాళ్ళమ్మ

రాణి పంటి ట్రీట్‌మెంట్ అయి తేరుకునేదాకా చింటూని గేటు దగ్గరికి తేవట్లేదు, సాక్స్‌లు మాత్రం మొదలయ్యాయి. గుండు మొదటి సాక్స్‌ని పంజాతో కొట్టి సోఫా కిందకి తోసేశాడు, రాణి దూరం నుంచి చూసి ఆవలించింది. లిట్టర్ బాక్సులు విడివిడిగా పెట్టాం, మంచం మీద మళ్లీ పోయలేదు. ఇంకో ప్రశ్న, రాణిని ఆస్పత్రి నుంచి తెచ్చాక గుండు మళ్లీ గుర్తుపట్టకపోతే?

క్లినిక్‌లో_పనిచేస్తా

అవ్వొచ్చు, అందుకే తెచ్చిన వెంటనే కలపకండి. క్యారియర్‌లో వెళ్లేటప్పుడే ఇంట్లో వాడిన దుప్పటి వేయండి, వచ్చాక రాణిని కనీసం ఆ రాత్రికి దానికి అలవాటైన గదిలో ఒంటరిగా పెట్టండి, మత్తు పూర్తిగా దిగాలి, ఒళ్లు తనే నాక్కోవాలి. మర్నాడు రాణి పడుకున్న బట్టని గుండు దగ్గర పెట్టి చూడండి. వాసన చూసి మామూలుగా ఉంటే తలుపు కొద్దిగా తీయండి, బుస్సుమంటే ఇంకో రోజు ఆగండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రాత్రుళ్లు చింటూని మాత్రం వాడి గదిలోనే ఉంచి తలుపేయండి, గేటుని నమ్మొద్దు, ఏడాదిన్నర పిల్లికి దాన్ని దూకడం ఒక లెక్క కాదు. ఆ తలుపు మీద పెద్ద అక్షరాలతో "తీయకండి" అని రాసి అంటించండి, చుట్టాలు మళ్లీ వస్తారు.